పండుగ – గృహం – కృతజ్ఞత

పండుగ అనగానే మనకు మొదట స్ఫురించేవి ఈద్గాలో బారులు తీరిన జనం, నమాజు అనంతరం జరిగే ఆలింగనాలు, కొత్త దుస్తులు, అత్తరు పరిమళం, పిల్లల పిడికిళ్ళలోని ఈదీ డబ్బులు. ఇవన్నీ గడప దాటిన తరువాత కనిపించే పండుగ. గడపకు లోపల మరొక పండుగ ఉన్నది. దానికి ప్రసంగాలు లేవు, ఛాయాచిత్రాలు లేవు. తెల్లవారుజామున మూడు గంటలకు వెలిగే పొయ్యితో అది మొదలవుతుంది. రాత్రి చివరి గిన్నె కడిగి బోర్లించడంతో ముగుస్తుంది. పండుగలను గూర్చి వ్రాసేవారు, మాట్లాడేవారు మొదటిదానికి ఇచ్చే స్థానంలో పదోవంతైనా రెండవదానికి ఇవ్వరు. గడప లోపలి ఆ పండుగను గూర్చి, దానికి మనం పడిన ఋణాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ముందుగా ఒక మాటను పరిశీలిద్దాం. తెలుగులో మనం తరచుగా వాడే 'కృతజ్ఞత' అనే పదం సంస్కృతం నుండి వచ్చినది. 'కృతం' అంటే చేయబడినది. 'జ్ఞ' అంటే ఎరిగిన. కనుక కృతజ్ఞుడు అంటే తన కొరకు చేయబడినదానిని ఎరిగినవాడు. వందనం చెప్పడం, చేతులు జోడించడం ఆ తరువాతి సంగతులు. దీనికి వ్యతిరేకపదం 'కృతఘ్నుడు', అంటే చేసిన మేలును చంపినవాడు. ఇక అరబ్బీ భాషలో 'షుక్ర్'కు వ్యతిరేకంగా నిలిచే పదం 'కుఫ్ర్'. దీని ధాతువుకు మూలార్థం కప్పివేయడం. విత్తనాన్ని మట్టితో కప్పుతాడు గనుక కర్షకునికి కూడ ఆ ధాతువు నుండి పుట్టిన పేరు ప్రాచీన అరబ్బీలో కలదు. ఈ రెండు భాషలకు చుట్టరికం లేదు. అయినా రెండూ ఒకే తావుకు చేరుకున్నాయి. కృతజ్ఞత అంటే తెలియడమని ఒక భాష చెప్పింది; కృతఘ్నత అంటే కప్పివేయడమని మరొక భాష చెప్పింది. ఉర్దూ, తెలుగు రెండింటినీ ఆదరించే మన సంచికలో ఈ రెండు మాటలను పక్కపక్కన ఉంచి చూడడం సముచితమని భావిస్తున్నాను. నా అభిప్రాయం కూడ ఈ రెండు మాటల నుండే పుట్టింది. మన ఇళ్ళలో పండుగ పూట ఎవరు ఏమి చేస్తున్నారో మనకు తెలియదు. తెలియనంత కాలం మనం చెప్పే కృతజ్ఞతలు పెదవుల మీది మాటలే.

మన గృహజీవితంలో ఆనందాలకు కొరత లేదు. రంజాన్ నెలనే తీసుకుందాం. సహరీ వేళ ఇల్లంతా ఒకే దీపం కింద చేరుతుంది. నిద్ర వదలని కళ్ళు, వేడి రొట్టెలు, గిన్నెడు పెరుగు, పొగలు చిమ్మే చాయ్, గడియారం వైపు పదే పదే మళ్ళే చూపులు. ఏడేళ్ళ పిల్లవాడు తానూ రోజా ఉంటానని పట్టుబడతాడు. మధ్యాహ్నం వరకు ఉంటే నీకది సగం రోజా అని నానీమా వానిని ఊరడిస్తుంది. మరి రెండేళ్ళకు వాడు నిజంగానే తొలి రోజా పూర్తి చేసిననాడు మెడలో పూలదండ వేసి ముద్దాడతారు. సాయంకాలం దస్తర్‌ఖాన్ పరిచి, ఖర్జూరపు పండు చేతిలో పట్టుకొని, అజాన్ కొరకు చెవి ఒగ్గి కూర్చునే ఆ చివరి అయిదు నిమిషాల నిశ్శబ్దం వంటిది సంవత్సరమంతటిలో మరొకటి లేదు. తొలి గుక్క నీటికి ఎంత రుచి ఉన్నదో ఆనాడే తెలుస్తుంది. నెల చివర చాంద్‌రాత్ నాడు వాడలోని పిల్లలందరూ మతభేదం లేకుండా మేడలెక్కి నెలవంకను వెదుకుతారు. అక్కాచెల్లెళ్ళ అరచేతులలో గోరింటాకు పండుతుంది. ఇవేవీ ధనంతో కొనవలసినవి కావు. పేద ఇంట కూడ ఇవి ఉన్నవి. కొన్నిచోట్ల సంపన్నుల ఇంట కంటె నిండుగానే ఉన్నవి.

అయితే ఈ ఆనందాలలో ఏ ఒక్కటీ తనంతట తాను సిద్ధం కాదు. ఈద్ ఉదయాన మనం రెండు నిమిషాలలో తాగి లేచే షీర్ ఖుర్మానే ఉదాహరణగా గ్రహించండి. ఎండు ఖర్జూరాలను ముందురోజే నానబెట్టి, గింజ తీసి, సన్నగా తరగాలి. బాదంపప్పును నానబెట్టి ఒక్కొక్కదాని పొట్టు ఒలవాలి. సారపప్పులో రాళ్ళు, పుచ్చులు ఏరాలి. సన్నని సేమ్యాను మాడకుండా నేతిలో దోరగా వేయించాలి. పాలు అడుగంటకుండా పొయ్యి దగ్గరే నిలబడి కలుపుతూ మరిగించాలి. పూర్వం చాలా ఇళ్ళలో ఆ సేమ్యా సైతం చేతితో తిప్పే యంత్రం మీద ఇంట్లోనే తీసి, మంచాల మీద గుడ్డలు పరచి ఆరబెట్టేవారు. చాంద్‌రాత్ నాడు మనం బజారులో అర్ధరాత్రి దాకా తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఒక దీపం వెలుగుతూనే ఉంటుంది. ఆ దీపం కింద అమ్మీ బాదం పొట్టు ఒలుస్తూ ఉంటుంది.

నెల పొడుగునా జరిగేది కూడ ఇదే. అందరికంటె గంట ముందు లేచేది ఆమె. అందరూ తిన్న తరువాత మిగిలిన అయిదు నిమిషాలలో తినేది ఆమె. సాయంకాలం ఉపవాసంతోనే పొయ్యి వేడికి ఎదురుగా నిలబడి పకోడీలు వేయించేది ఆమె. తానూ రోజా ఉన్నది గనుక రుచి చూడకుండానే ఉప్పు, కారం చేతి అంచనాతో వేస్తుంది. నెల మొత్తం మీద ఆ అంచనా ఎన్నిసార్లు సరిగా కుదిరిందో మనం లెక్కపెట్టము. ఒకనాడు ఉప్పు తక్కువైతే మాత్రం తొలి ముద్దకే గుర్తిస్తాం. కప్పివేయడం అంటే ఇదే. ఇరవై తొమ్మిది దినాల నేర్పు కనిపించదు. ఒకనాటి లోపం కనిపిస్తుంది.

ఇది మన ఇళ్ళకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా సమయ వినియోగ సర్వే జరిపింది. ఆరేళ్ళు, అంతకు పైబడిన వయస్సు గలవారిలో ఇంటివారి కొరకు వేతనం లేని ఇంటిపనులు చేసేవారు స్త్రీలలో నూటికి 81 మంది. పురుషులలో నూటికి 26 మంది. ఆ పనిలో పాల్గొన్న స్త్రీలు సగటున రోజుకు 299 నిమిషాలు వెచ్చించగా, పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు. 299 నిమిషాలంటే అయిదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. ఇది సగటు మాత్రమే. అతిథులు వచ్చే పండుగనాడు, రెండు వేళ్ళ మీద నిద్రపోయే రంజాన్ నెలలో ఆ లెక్క ఎక్కడికి పోతుందో ఊహించడం కష్టం కాదు.

ఇక్కడ విద్యార్థులకు నేరుగా సంబంధించిన విషయం ఒకటి ఉన్నది. హిజ్రీ సంవత్సరానికి 354 లేదా 355 దినాలు. అందుచేత రంజాన్ ప్రతి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు ముప్పైమూడేళ్ళలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. 2025లో అది మార్చి నెలలో వచ్చింది. ఇంటర్మీడియట్ వార్షిక పరీక్షలు కూడ ఆ నెలలోనే జరిగాయి. ఒకే ఇంట ఒక అన్న, ఒక చెల్లెలు పరీక్షలు వ్రాస్తున్నారనుకోండి. ఇద్దరికీ రోజా ఉన్నది, ఇద్దరికీ మరునాడు పరీక్ష ఉన్నది. అన్నను సహరీకి పిలిచి లేపుతారు. చెల్లెలు తల్లితోపాటు లేచి పిండి కలుపుతుంది. అన్న తిని, నమాజు చదివి, పుస్తకం తీస్తాడు లేదా కునుకు తీస్తాడు. చెల్లెలు పాత్రలు కడుగుతుంది. పరీక్ష నుండి వచ్చిన తరువాత అన్నకు విశ్రాంతి. చెల్లెలికి ఇఫ్తార్ ఏర్పాట్లు. ఫలితాలు వచ్చిన నాడు ఇద్దరి మార్కులను పక్కపక్కన పెట్టి చూస్తారు. ఆమెకు పది మార్కులు తగ్గితే ఆడపిల్లకు ఈ చదువు చాలులే అనే మాట ఎవరో ఒకరు అంటారు. ఆ పది మార్కులు ఏ పొయ్యి దగ్గర ఖర్చయినవో అడిగేవారు ఉండరు. ఆడపిల్లల చదువు మధ్యలో ఆగిపోవడానికి పేదరికం, దూరం, బాల్యవివాహం కారణాలని మనం సభలలో చెప్పుకొంటున్నాం. అవి నిజమే. ఇంటిపని కూడ ఒక కారణమనీ, దానిని సగానికి తగ్గించే శక్తి ఏ ప్రభుత్వం కంటె ముందుగా ఆ ఇంటి అన్నదమ్ముల చేతులలో ఉన్నదనీ కూడ చెప్పుకోవాలి.

ఈ మాటకు కొందరు మిత్రులు ఒక సమాధానం చెబుతారు. ఇంటివారికి వండి పెట్టడంలో స్త్రీలకు ఆనందం ఉన్నదనీ, దానిని భారంగా చిత్రించడం తగదనీ వారి వాదన. ఆనందం ఉన్నమాట వాస్తవమే. తన చేతి వంటను పదిమంది మెచ్చుకొంటూ తింటుంటే తల్లి ముఖంలో కనిపించే వెలుగును కాదనగలవారెవరు? కాని పంచుకున్నంత మాత్రాన తరిగిపోయే ఆనందం కాదది. కొడుకు పక్కన కూర్చుని ఖర్జూరాలు తరిగితే తల్లి ఆనందం తగ్గదు. ఆమె నిద్ర ఒక గంట పెరుగుతుంది. మరికొందరు రోజాదారులకు వండిపెట్టడం పుణ్యకార్యమంటారు. నిజమే. అంతటి పుణ్యమైతే మగవారు అందులో తమ వాటాను ఎందుకు వదులుకుంటున్నారు?

ఈ విషయంలో మనకు మార్గదర్శకత్వానికి లోటు లేదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు హజ్రత్ ఆయిషా (ర) ఇచ్చిన సమాధానం హదీసు గ్రంథాలలో ఉన్నది. ఆయన ఇంటివారి సేవలో, ఇంటి పనులలో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ దాని సారాంశం. తన చెప్పులను, వస్త్రాలను తానే బాగుచేసుకునేవారని కూడ ఉల్లేఖనాలు ఉన్నాయి. మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు దైవానికీ కృతజ్ఞుడు కాజాలడనే భావం గల హదీసు సుప్రసిద్ధం. సున్నత్‌ను అనుసరించాలనే తపన మన యువకులలో ఎంతో ఉన్నది, అది అభినందనీయం. మిస్వాక్‌తో, అత్తరుతో, దుస్తుల తీరుతో ఆగిపోకుండా ఆ తపన వంటగది గడప దాకా కూడ రావాలని మాత్రమే కోరుతున్నాను.

చేసినది తెలియడం ఒక్క తల్లి విషయంలోనే కాదు. తండ్రి విషయంలోనూ ఉన్నది. ఆటో నడిపే తండ్రి, కుట్టుమిషను తొక్కే తండ్రి, బండి మీద పండ్లు అమ్మే తండ్రి పండుగ ఖర్చును ఏ విధంగా కూడబెట్టాడో ఎంతమంది పిల్లలకు తెలుసు? ఒక జత చాలినచోట రెండు జతలు కావాలని పట్టుబట్టేవారికి ఆ రెండవ జత వెనుక ఉన్న అప్పు కనిపించదు. అప్పు చేసి పప్పు కూడు వద్దని మన పెద్దలు ఊరకే అనలేదు. చాంద్‌రాత్ నాడు తెల్లవార్లూ మేలుకొని ఊరందరి బట్టలూ కుట్టే దర్జీ తన పిల్లల చొక్కాకు గుండీలు ఎప్పుడు కుడతాడో మనం ఆలోచించం. ఇంటి ఆదాయవ్యయాలు తెలిసిన పిల్లవాడు పాత చొక్కాను ఉతికి ఇస్త్రీ చేసుకొని కూడ పండుగ చేసుకోగలడు. తనకు ఏది తక్కువైనదో కాక, ఉన్నది ఎలా వచ్చిందో అతనికి తెలుసు గనుక.

కృతజ్ఞత ఇంటిలో మొదలై ఇంటిలోనే ఆగిపోరాదన్న వివేకం మన పండుగల నిర్మాణంలోనే ఉన్నది. ఈద్ నమాజుకు ముందే ఫిత్రా చెల్లించాలన్న నియమాన్ని చూడండి. హనఫీ సంప్రదాయంలో తలకు అర సా గోధుమలు, అంటే నేటి తూకంలో సుమారు ఒకటిన్నర నుండి రెండు కిలోలు లేదా దాని విలువ. స్తోమత గల గృహస్థు తన తరఫునే కాక, పండుగనాటి ఉషోదయానికి ముందు పుట్టిన పసికందు తరఫున కూడ ఇవ్వాలి. నమాజు తరువాత ఇస్తే అది సాధారణ దానమవుతుంది. ముందే ఎందుకు? పేదవాని పొయ్యి కూడ అదే ఉదయాన వెలగాలి గనుక. మన దస్తర్‌ఖాన్ నిండిన తరువాత మిగిలినది ఇవ్వడం కాదు, నిండడానికి ముందే మరొకరి దస్తర్‌ఖాన్‌ను తలచుకోవడం ఇందులోని విశేషం. ఇంత చక్కని నియమాన్ని మనలో కొందరు పండుగనాటి హడావుడిలో ఈద్గా ద్వారం దగ్గర చిల్లరగా మార్చి ముగిస్తున్నారు. నాలుగు రోజుల ముందుగానే లెక్కకట్టి, వాడలో ఎవరికి అవసరమో తెలుసుకొని చేర్చడం విద్యావంతులైన యువకులు చేపట్టదగిన పని.

పొరుగువారి విషయం కూడ ఇట్టిదే. తెలుగు పంచాంగం అధికమాసంతో సౌరమానానికి సర్దుకుంటుంది గనుక ఉగాది మార్చి, ఏప్రిల్ నెలలను దాటదు. రంజాన్ మాత్రం ఋతువులన్నింటా సంచరిస్తూ ఇటీవలి సంవత్సరాలలో ఉగాదిని కలుసుకొన్నది. 2023లో మార్చి 22న ఉగాది, 24న తొలి రోజా. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న ఈదుల్ ఫితర్. 2025లో మార్చి 30న ఉగాది. ఆ సాయంకాలం కనిపించిన నెలవంక మరునాటి ఈద్‌ను తెచ్చింది. ఆనాడు ఉదయం పొరుగింటి నుండి వచ్చిన ఉగాది పచ్చడి ఇఫ్తార్ వేళ దాకా మూత కింద వేచి ఉన్న ఇళ్ళు తెలుగునాట ఎన్నో ఉండి ఉంటాయి. మరునాడు అదే గిన్నె షీర్ ఖుర్మాతో తిరిగి వెళ్ళి ఉంటుంది. వచ్చిన గిన్నెను వట్టిగా పంపరాదనేది మన ఇళ్ళలో ఎవరూ గ్రంథంలో వ్రాయని నియమం. వేపపువ్వు చేదు, మామిడి వగరు, బెల్లం తీపి కలిసిన ఆ గిన్నెలో ఏముందో తెలియాలంటే దానిని కలిపిన చేయి తెలియాలి. పొరుగువారి పండుగను వంటింటి ద్వారం గుండా తెలుసుకున్నవారిని దుష్ప్రచారాలు సులభంగా లోబరచుకోలేవు.

నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా వద్ద మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ మన రాష్ట్రాలలో సుపరిచితం. అందులోని ఆచారాలను గూర్చి మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. అక్కడ కనిపించే ఒక మానవీయ భావన మాత్రం గమనార్హం. చదువు కోరేవారు విద్యా రొట్టె, కొలువు కోరేవారు ఉద్యోగ రొట్టె, ఇలా అవసరాన్ని బట్టి మరొకరి చేతి నుండి రొట్టె అందుకుంటారు. కోరిక ఈడేరినవారు మరుసటి ఏడు అదే రొట్టెను ఇంట చేసుకొని వచ్చి, అట్టి అవసరమే ఉన్న మరొకరికి ఇస్తారు. తీసుకొన్న చేయి ఇచ్చే చేయిగా మారుతుంది. ఋణం ఇచ్చినవానికే తిరిగి చేరకపోవచ్చు. ముందున్నవానికి చేరినా అది తీరినట్లే. ఆ బారులలో మతం అడిగేవారు లేరు.

ఇక కొన్ని సూచనలు. విద్యార్థులారా, ఈసారి రంజాన్ నెలలో ఇంట ఒక పనిని మీదిగా చేసుకోండి. ఏదో ఒకనాడు సరదాకు కాక, నెల పొడుగునా చేయండి. సహరీ పాత్రలు కడగడం కావచ్చు, నీళ్ళు పట్టడం కావచ్చు, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ పరచి ఎత్తడం కావచ్చు. పరీక్షలున్న చెల్లెలు ఇంట ఉంటే ఆమె పనిని మీరు తీసుకోండి. పదిరోజులు గడిచేసరికి ఆ పని ఎంతటిదో మీ చేతులకు తెలుస్తుంది. అప్పుడు మీ నోట వచ్చే 'షుక్రియా' అమ్మీకి వేరుగా వినిపిస్తుంది. ఆమె నవ్వి, ఈ మాటలన్నీ మనలో మనకెందుకురా అనవచ్చు. అయినా చెప్పండి.

కళాశాల కమిటీ పెద్దలకు కూడ సవినయంగా రెండు విన్నపాలు. రంజాన్ నెలలో అంతర్గత పరీక్షలను ఉదయపు తొలి గంటలో కాక, కొంత ఆలస్యంగా జరిపితే సహరీ నుండి నిలబడే ఉన్న విద్యార్థినులకు ఎంతో మేలు కలుగుతుంది. రెండవది, విద్యాసంస్థలలో జరిగే ఈద్ మిలాప్ సభలలో అతిథులు ముందు వరుసలో కూర్చోవడం, అటెండర్లు, ఊడ్చేవారు, వంటవారు వడ్డించి చివరకు తినడం పరిపాటి. సంవత్సరానికి ఒక్కనాడైనా వారిని ముందు కూర్చుండబెట్టి, అధ్యాపకులు, విద్యార్థులు వడ్డించే సంప్రదాయాన్ని మన కళాశాలలో నెలకొల్పవచ్చును. దీనికి నిధులు అవసరం లేదు, తీర్మానం కూడ అవసరం లేదు.

కృతజ్ఞతకు ప్రతిఫలం సమృద్ధి అని దివ్య ఖుర్‌ఆన్ ఇబ్రాహీమ్ అధ్యాయం వాగ్దానం చేస్తున్నది. ఆ సమృద్ధిని మనం సాధారణంగా ధనధాన్యాలలో వెదుకుతాం. తల్లికి గంట నిద్ర, చెల్లెలికి గంట చదువు, పొరుగింటికి ఒక గిన్నె షీర్ ఖుర్మా, పేదవాని పొయ్యి మీద సకాలంలో చేరిన గోధుమపిండి. ఇవి పెరిగిన ఇంట సమృద్ధి పెరగలేదని ఎవరనగలరు? పండుగలు వస్తూనే ఉంటాయి, ప్రతి ఏటా పది రోజులు ముందుగానే వస్తాయి. వచ్చే చాంద్‌రాత్ నాడు బజారు నుండి ఒక గంట ముందుగా ఇంటికి చేరండి. ఒలవవలసిన బాదంపప్పు అక్కడ ఇంకా మిగిలే ఉంటుంది.